వ్యవస్థాపక అధ్యక్షుడు తప్పుకుంటున్నారు: విదేశీ భాగస్వాముల నమ్మకాన్ని ఎలా నిలుపుకోవాలి?

ప్రశ్న – కార్యవర్గ సభ్యురాలు, నల్లగొండ

అందరికీ నమస్కారం. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లోని ఫ్లోరైడ్ పీడిత గ్రామాల్లో మా స్వచ్ఛంద సంస్థ పనిచేస్తున్నది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది; దానికి మన నల్లగొండ పేరే ఉన్నదని మీకు తెలుసు. ఇథియోపియా, టాంజానియా దేశాల్లోనూ దాన్ని ప్రయత్నించారు. అక్కడి బృందాలతో ఏర్పడిన పరిచయాల ఆధారంగా ఇరువైపులా అనుభవాలు పంచుకోవడమే మా ముఖ్య కార్యక్రమం. ఖర్చులో ఎక్కువ భాగం ఐరోపాలోని ఒక దాతృ సంస్థ భరిస్తున్నది.

సంస్థను స్థాపించిన అధ్యక్షుడు గారు వయసు పైబడినందువల్ల వచ్చే సర్వసభ్య సమావేశంలో బాధ్యతల నుంచి తప్పుకుంటానని చెప్పారు. దాతలకు తెలిసిన మనిషి ఆయనొక్కరే కాబట్టి గౌరవాధ్యక్షుడిగా ఉంటూ బ్యాంకు సంతకం కూడా ఆయనే కొనసాగించాలని కొందరు సభ్యులు పట్టుబడుతున్నారు. ఆయన పట్ల నాకు అపారమైన గౌరవం ఉన్నప్పటికీ ఈ ఏర్పాటు మంచిదనిపించడం లేదు. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

జవాబు 1 – ఆడిటర్, మహబూబ్‌నగర్

మీ సందేహం సరైనదేనమ్మా. పదవిలో లేని వ్యక్తి చేతిలో సంతకం అధికారం ఉంటే, రేపు ఏదైనా లెక్క తేడా వచ్చినప్పుడు జవాబుదారీ ఎవరో తేల్చడం కష్టమవుతుంది. గౌరవాధ్యక్ష స్థానం ఇవ్వండి, సంతకం మాత్రం కొత్త కార్యవర్గానికే అప్పగించండి.

ఎన్నికను మినిట్స్ పుస్తకంలో తీర్మానంగా రాసి, కొత్త కార్యవర్గం జాబితాను జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో దాఖలు చేయాలి. విదేశీ విరాళాల చట్టం కింద ముఖ్య సభ్యుల మార్పును ఎఫ్‌సీ-6ఈ ఫారంలో 45 రోజుల్లోగా కేంద్ర హోం శాఖకు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. 2022 జులై సవరణకు ముందు ఈ గడువు 15 రోజులే. విదేశీ విరాళాలు ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలన్నది 2020 సవరణ నిబంధన కాబట్టి, అక్కడ సంతకందారులను మార్చడానికి కొంత సమయం పడుతుందని ముందే లెక్కవేసుకోండి. ఆ లోగా జీతాలు ఆగకుండా చూసుకోవాలి.

చాలామంది గమనించని విషయం మరొకటి ఉన్నది. మీ అధ్యక్షుడు గారు ఇన్నేళ్లూ జీతం తీసుకోకుండా పనిచేసి ఉండవచ్చు. తరువాత వచ్చేవారికి జీతం ఇవ్వాల్సి వస్తే అది పరిపాలనా ఖర్చు కిందికి వస్తుంది. ఆ ఖర్చు విదేశీ విరాళంలో 20 శాతం మించరాదు. 2020కి ముందు ఈ పరిమితి 50 శాతంగా ఉండేది. వ్యక్తిని ఎన్నుకునే ముందే ఈ లెక్క వేయండి.

జవాబు 2 – వనపర్తి నుంచి, విదేశీ నిధుల ప్రాజెక్టుల్లో పనిచేసిన వ్యక్తి

ఆడిటర్ గారు చెప్పినవన్నీ అవసరమే. అయితే కాగితాలన్నీ పూర్తయ్యాక దాతలకు చెబుదామని మాత్రం ఆగకండి. అధ్యక్షుడు మారిన సంగతి దాతలకు వార్షిక నివేదికలో చదివితే తెలియడం కంటే నష్టకరమైనది లేదు. సమావేశానికి ముందే, తాను ఎందుకు తప్పుకుంటున్నారో, ఎన్నిక ఎలా జరగబోతున్నదో అధ్యక్షుడు గారే స్వయంగా రాయాలి. ఎన్నిక ముగిశాక పాత, కొత్త అధ్యక్షులిద్దరూ సంతకం చేసిన లేఖ పంపాలి. ఆఫ్రికా బృందాలకు కూడా విడిగా రాయండి. డబ్బు ఇచ్చేవారిని గుర్తుంచుకుని, కలిసి పనిచేసినవారిని మరచిపోవడం మన సంస్థల్లో తరచుగా చూశాను, అది నన్ను బాధిస్తుంది.

పెద్దాయన దగ్గర ఉన్న ఉత్తరాలు, ఈమెయిళ్లు, ఒప్పంద పత్రాలు, ఎవరితో ఏ మాట ఇచ్చారన్న వివరాలు సంస్థ కార్యాలయానికి చేరాలి. ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పుడే కూర్చోబెట్టి చెప్పించుకుని రాసుకోండి.

జవాబు 3 – మర్రిగూడ మండల వాసి

పై ఇద్దరూ కార్యాలయం సంగతి, దాతల సంగతి చెప్పారు. ఊరి సంగతి కూడా వినండి. మిషన్ భగీరథ ద్వారా మా ప్రాంతానికి కృష్ణా నీళ్లు వస్తున్నాయి. కానీ అంతకుముందే ఎముకలు వంగిపోయినవారు అలాగే ఉన్నారు. వారికి ఇప్పుడు కావలసింది నడకకు ఆసరా, నొప్పికి వైద్యం, పింఛను దరఖాస్తులో సాయం. విదేశీ అతిథులు వచ్చినప్పుడల్లా వారిని వరుసగా కూర్చోబెట్టి చూపించడం మాకు బాధ కలిగిస్తుంది. మీ సంస్థ అలా చేసిందని నేను అనడం లేదు. కొత్త కార్యవర్గంలో ఆ కుటుంబాల నుంచి కనీసం ఇద్దరికి ఓటున్న స్థానం ఇవ్వండి. ఆఫ్రికా నుంచి వచ్చే బృందాలతో వారే మాట్లాడితే, ఏ పద్ధతి ఊళ్లో ఎందుకు నిలవలేదో, పటిక వేశాక అడుగున మిగిలే మడ్డిని ఎక్కడ పోయాలన్న చిక్కు ఎలా ఉంటుందో సూటిగా చెబుతారు.

ప్రశ్న అడిగినవారి సమాధానం

ముగ్గురికీ కృతజ్ఞతలు. సంతకం విషయాన్ని ఆడిటర్ గారి మాటగా కార్యవర్గం ముందు ఉంచుతాను. దాతలకు, ఆఫ్రికా మిత్రులకు అధ్యక్షుడు గారు ఈ వారమే రాస్తానన్నారు. మర్రిగూడ సోదరుడి సూచనకు మా నియమావళి సవరణ అవసరం. దానికి సభ్యులలో ఎంత మెజారిటీ కావాలో చూసుకుని, అదే సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదన పెడుతున్నాను.