ఎల్-కార్నిటిన్ వేసుకుంటే కొవ్వు కరుగుతుందా, డబ్బులు దండగా?

ఫార్మా_కృష్ణ:
జిమ్ముల్లో "ఫ్యాట్ బర్నర్" అని అమ్మే ఈ సీసాలు దండగేనని నా వాదన. పొడవాటి కొవ్వు ఆమ్లాలను మైటోకాండ్రియాలోకి, అంటే కణంలో కొవ్వును కాల్చి శక్తినిచ్చే భాగాల్లోకి, మోసేది కార్నిటినే, కాదనను. కానీ దానికి కొరతెక్కడ? లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలతో శరీరమే తయారు చేసుకుంటుంది. కిడ్నీల్లో వడపోతకు వెళ్లినదాంట్లో 95 శాతం దాకా మళ్లీ రక్తంలోకే వస్తుంది. పైగా అన్నం తిన్నాక ఇన్సులిన్ పెరిగి, మలోనిల్-కోఎ అనే పదార్థం పోగై, కొవ్వును మైటోకాండ్రియాలోకి పంపే సీపీటీ-1 ఎంజైమును ఆపేస్తుంది. గేటు మూసేశాక కూలీలను పెంచి ఏం లాభం?

దీప్తి_న్యూట్రిషన్:
కృష్ణ గారూ, కండరంలోకి ఎక్కితే లెక్క మారుతుంది. 2013లో వచ్చిన నాటింగ్‌హామ్ (బ్రిటన్) యూనివర్సిటీ ప్రయోగం చూడండి. పూటకు 1.36 గ్రాముల కార్నిటిన్, 80 గ్రాముల కార్బ్స్‌తో కలిపి, రోజుకు రెండుసార్లు, 12 వారాలు ఇచ్చారు. కండరంలో కార్నిటిన్ సుమారు 20 శాతం పెరిగింది. ఉత్త కార్బ్స్ తాగినవాళ్లకు 1.8 కిలోల కొవ్వు చేరింది, కార్నిటిన్ కలిపి తాగినవాళ్లకు చేరలేదు.

ఫార్మా_కృష్ణ:
చేరలేదు సరే, కరిగిందా? అదీ పట్టుమని పన్నెండు మంది మీద. రోజుకు 160 గ్రాముల కార్బ్స్ అంటే 640 కేలరీలు. బరువు తగ్గాలనుకునేవాడు ఇంత అదనంగా తాగుతాడా? ఇన్సులిన్ తోడు లేకపోతే కండరంలోకి ఎక్కదు. అసలు మాత్రల రూపంలో పేగులు పీల్చుకునేదే 5 నుంచి 18 శాతం. మిగిలినదాన్ని పేగు బ్యాక్టీరియా ట్రైమిథైలమైన్ అనే కంపు పదార్థంగా మారుస్తుంది. రోజుకు 3 గ్రాములు వేసుకునేవాళ్ల దగ్గర చేపల కంపు వచ్చేది అందుకే.

శాకాహారి_77:
మాంసం ముట్టనివాళ్లకు లోటు రాదా అండీ?

దీప్తి_న్యూట్రిషన్:
మామూలుగా రాదండీ. రక్తంలో కాస్త తక్కువ కనిపిస్తుంది, అంతే. తయారీకి ఇనుము, విటమిన్ సి కావాలి కాబట్టి ముందు రక్తహీనత సంగతి చూసుకోండి.

పిల్లల_వార్డు:
నిజంగా అవసరమున్నవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరేం? ఓసీటీఎన్2 (కార్నిటిన్‌ను కణాల్లోకి చేర్చే ప్రొటీన్) జన్యులోపంతో పుట్టిన బిడ్డకు కార్నిటిన్ మూత్రంలో పోతూనే ఉంటుంది. జ్వరమొచ్చి పాలు మానేస్తే చక్కెర పడిపోతుంది, దాని బదులు కొవ్వు నుంచి ఇంధనంగా రావాల్సిన కీటోన్లూ సరిగా రావు, గుండె కండరం దెబ్బతింటుంది. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో సుమారు 300 మందికొకరికి ఈ జబ్బు. వాళ్లకిది జీవితాంతం మందు. ఫిట్స్‌కు వాల్ప్రొయేట్ వాడే పిల్లల్లోనూ, డయాలసిస్ రోగుల్లోనూ నిల్వలు తగ్గుతాయి. ఇంకోటి, గుండె వాల్వు మార్పించుకుని రక్తం గడ్డకట్టకుండా అసినోకౌమరాల్ వేసుకుంటున్నవాళ్లు జిమ్ ట్రైనర్ చెప్పాడని దీన్ని మొదలుపెట్టొద్దు. ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయపు కొలత) పెరిగి రక్తస్రావం కావచ్చు.