దొంగచాటు టేపులు: రాక్ కచేరీల బూట్‌లెగ్‌లను సేకరించి వినడం సమంజసమేనా?

పాతటేపు:

నలభై ఏళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్న మా బాబాయి ఈమధ్య చిన్న ఇంట్లోకి మారుతూ, తన దగ్గరున్న సంగీతమంతా ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి నాకు పంపారు. తెరిచి చూస్తే దుకాణంలో దొరికే ఆల్బములు పట్టుమని పాతిక లేవు. మిగిలినవన్నీ కచేరీలే: బాబ్ డిలన్, లెడ్ జెప్పెలిన్, పింక్ ఫ్లాయిడ్, గ్రేట్‌ఫుల్ డెడ్, మూడు వందలకు పైగా. శ్రోతల మధ్య కూర్చున్నవారు దాచి తెచ్చిన యంత్రాలతో పట్టుకున్నవి కొన్ని, వేదిక మీది ధ్వనులన్నీ కలిసే మిక్సింగ్ బోర్డు నుంచి ఎవరి చేతుల మీదుగానో బయటికి జారినవి కొన్ని.

చర్చ దారి తప్పకుండా ఒక తేడా ముందే చెబుతాను. మార్కెట్లో ఉన్న ఆల్బమ్‌కు నకలు తీసి అమ్మితే అది పైరసీ. కళాకారుడు ఎన్నడూ విడుదల చేయని దాన్ని అతని అనుమతి లేకుండా బయటపెడితే అది బూట్‌లెగ్. 1969లో లాస్ ఏంజెలెస్‌లో కంపెనీ పేరు లేని తెల్ల అట్టతో వెలువడిన డిలన్ డిస్కు ‘గ్రేట్ వైట్ వండర్’తో రాక్ సంగీతంలో ఈ వ్యవహారం మొదలైందని చెబుతారు. నా ప్రశ్న సూటిగా ఇది: పైసా చేతులు మారకపోయినా, కళాకారుడు వద్దన్న రికార్డింగును దాచుకోవడం, వినడం, అడిగినవారికి ఇవ్వడం తప్పవుతుందా?

ఆరుతీగలు:

తప్పే. హైదరాబాదులో పదిహేనేళ్లుగా ఒక చిన్న బృందంలో గిటారు వాయిస్తూ పాడుతున్నాను కనుక వేదిక వైపు నుంచి చెబుతాను. ఆరేళ్ల కిందట జ్వరంతో పాడిన ఒక రాత్రి రెండో పాటలోనే నా గొంతు జీరబోయింది; పై స్థాయి అందక మూడుసార్లు జారాను. శ్రోతలు సహృదయులు, చప్పట్లతో గట్టెక్కించారు. ముందు వరుసలో ఒకాయన దాన్ని ఫోనులో పట్టుకుని మర్నాడే ఇంటర్నెట్‌లో పెట్టారు. ఈనాటికీ మా బృందం పేరు వెతికితే మొదట కనిపించేది ఆ జ్వరపు పాటే. తీసేయమని రాస్తే, ‘నేను మీ అభిమానిని సార్, జ్ఞాపకంగా ఉంచుకున్నాను’ అని జవాబిచ్చారు. ఆయన జ్ఞాపకానికి నా పరువు ఖరీదు కట్టారన్నమాట.

పెద్దవారి సంగతి చూద్దాం. పింక్ ఫ్లాయిడ్ బృందం ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ను 1972 అంతా వేదికల మీద వాయిస్తూ, వాయించిన కొద్దీ దిద్దుకుంటూ వచ్చింది. ఆ ఫిబ్రవరిలో లండన్ రెయిన్‌బో థియేటర్‌లో వాయించినదాన్ని ఎవరో పట్టుకుని, 1973 మార్చిలో అసలు ఆల్బమ్ వెలువడకముందే డిస్కులుగా అచ్చువేసి అమ్మారు. కవి బల్ల మీద ఉన్న చిత్తుప్రతిని ఎత్తుకుపోయి పుస్తకంగా అమ్మితే ఎవరమైనా దొంగతనమనే అంటాం కదా. కింగ్ క్రిమ్సన్ బృందపు గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ కచేరీల్లో రికార్డింగును, ఫొటోలను దశాబ్దాలుగా వ్యతిరేకిస్తూ వచ్చారు. వేదిక మీదివారికీ ఎదుట ఉన్నవారికీ మధ్య ఒక్కసారే జరగవలసినది జరుగుతున్నప్పుడు, మధ్యలో మూడో చెవి చేరితే ఇద్దరి తీరూ మారిపోతుంది.

నకామిచి:

ఆరుతీగలు గారికి జరిగినది అన్యాయమే; అభ్యంతరం తెలిపిన తరువాత కూడా ఉంచడం మర్యాద కాదు. కాని చిత్తుప్రతి పోలిక దగ్గర నేను ఆగిపోయాను. రెయిన్‌బోలో వాయించినది బల్ల మీద ఉన్న కాగితం కాదు, టికెట్టు కొన్న జనం ఎదుట నాలుగు రాత్రులు వాయించిన సంగీతం. దాన్ని మన సంప్రదాయంలో దేనితోనైనా పోల్చాలంటే అవధానంతో పోల్చాలి. సభలో ఆశువుగా చెప్పిన పద్యాన్ని ఎవరో ఒకరు రాసుకోకపోతే అది ఆ సాయంత్రమే గాలిలో కలిసిపోయేది. ఈనాడు మనం ఒప్పజెప్పుకునే అవధాన పద్యాల్లో ఎన్నో అలా రాసుకున్న చేతుల వల్లే మిగిలాయి.

ఇక ఆ 1972 టేపులలో ఏముందో విన్నవారికే తెలుస్తుంది. ఆల్బమ్‌లో ‘ఆన్ ద రన్’ ఉండే చోట సింథసైజరు ఉరుకులాట లేదు. గిటారు, కీబోర్డులు కలిసి అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే మామూలు జామ్ సాగిస్తాయి. ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’ ఉండవలసిన చోట, ఆల్బమ్‌లో వినిపించే స్త్రీకంఠం ఇంకా పుట్టలేదు. ఆర్గన్ మోగుతుంటే దాని మీదుగా బైబిల్ వాక్యాలు చదివిన గొంతు వినిపిస్తుంది. ఆల్బమ్ మాత్రమే విన్నవారు అది ఆకాశం నుంచి ఊడిపడిందనుకుంటారు. ఈ టేపులు విన్నవారు నలుగురు మనుషులు ఒక భాగం కుదరడం లేదని గ్రహించి దాన్ని తీసి పారేయడం, మరొకటి తెచ్చి అతికించడం చూస్తారు. నాకు ఆ రెండో అనుభవమే ఎక్కువ గౌరవం నేర్పింది.

పట్టుకున్నవారి గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1970లలో లాస్ ఏంజెలెస్ పరిసరాల కచేరీలను మైక్ మిలార్డ్ అనే ఆయన రికార్డు చేశారు. నడవగలిగినా చక్రాల కుర్చీలో వచ్చి, బ్యాటరీలతో నడిచే నకామిచి 550 క్యాసెట్ యంత్రాన్ని ఆ కుర్చీలో దాచి లోపలికి తెచ్చేవారు. (నా మారుపేరు ఎక్కడిదో ఈపాటికి తెలిసే ఉంటుంది.) 1977 జూన్ 21న లెడ్ జెప్పెలిన్ కచేరీని ఆయన పట్టిన టేపు వింటే డ్రమ్ము దెబ్బ నేరుగా గుండె మీద పడుతుంది. నలభై ఐదు నిమిషాలకు క్యాసెట్ సైడు అయిపోతుందని లెక్క పెట్టుకుంటూ, పాటకూ పాటకూ మధ్య చప్పట్లు ఉన్నంతసేపట్లో చీకట్లో చేతితో తడిమి తిప్పి పెట్టడం ఒక విద్య. ఇంకొందరి టేపులలో బ్యాటరీ నీరసించిన చోటు కూడా తెలుస్తుంది: రికార్డు చేసేటప్పుడు టేపు మందగించినందువల్ల, మనం వినేటప్పుడు పాట పరుగెత్తి శ్రుతి పైకెక్కుతుంది. దాన్ని మళ్లీ అసలు శ్రుతికి దించడానికి సేకర్తలు వారాల తరబడి, ఒక్క రూపాయి ఆశించకుండా కూర్చుంటారు. 1975 ఏప్రిల్ 26న పింక్ ఫ్లాయిడ్ కచేరీని ఇదే మిలార్డ్ దొంగచాటుగా పట్టారు. యాభై ఏళ్ల తరువాత, 2025లో, ‘విష్ యు వర్ హియర్’ స్వర్ణోత్సవ సంపుటిలో ఆ టేపునే శుభ్రం చేసి అధికారికంగా చేర్చారు. ఆనాడు ద్వారం దగ్గరే ఆయనను పట్టుకుని ఉంటే ఈనాడు చేర్చుకోవడానికి ఆ టేపే ఉండేది కాదు.

ఆరుతీగలు:

నకామిచి గారూ, అవధాన సభలో రాసుకునేవారు అందరికీ కనబడేలా కూర్చుంటారు. రాస్తున్నారని అవధానికి తెలుసు, తెలిసే పద్యం చెబుతారు. వారు చక్రాల కుర్చీలో కాగితం దాచుకుని రారు. ఇక నిజంగా నడవలేనివారి కోసం ఉంచిన సౌకర్యాన్ని యంత్రం దాచడానికి వాడుకోవడం మీకు సాహసంగా తోచింది, నాకు మాత్రం ఏవగింపు కలిగించింది.

రూపాయి ఆశించలేదన్న వాదన కూడా నాకు ఎక్కదు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినంత మాత్రాన అది అల్లుడి సొమ్ము అయిపోదు. 2025లో అధికారికంగా చేర్చుకున్నారంటే, హక్కుదారులు తమది తాము తిరిగి తెచ్చుకున్నారనే నేను అర్థం చేసుకుంటాను. అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా 1991లో చేసినది అదే: తన కచేరీలను దొంగతనంగా అచ్చువేసినవారి డిస్కులనే ఏరి, ఉన్నవి ఉన్నట్టుగా ‘బీట్ ద బూట్స్’ పేరుతో తానే విడుదల చేశారు. దొంగ ముద్రకు నకలు తీసి సొంత పేరుతో అమ్మడం! రాక్ చరిత్రలో నాకు నచ్చిన ప్రతీకారం అదొక్కటే.

కోర్టుపక్షి:

ఇద్దరూ నీతి మాట్లాడుతున్నారు కనుక చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. వేదిక మీది ప్రదర్శన మీద ప్రదర్శకుడికి హక్కు ఉంటుందన్నది చట్టాల్లోకి ఆలస్యంగా, అతుకులుగా వచ్చింది. బూట్‌లెగ్ వ్యాపారం ఆ అతుకుల మధ్య సందుల్లోనే బతికింది. బ్రిటిష్ గాయకుడు ఫిల్ కాలిన్స్ 1983లో కాలిఫోర్నియాలో చేసిన కచేరీని అనుమతి లేకుండా సీడీగా చేసి జర్మనీలో అమ్మితే, ఆయన జర్మన్ పౌరుడు కాదు కనుక అక్కడి చట్టం రక్షించదన్నారు. పౌరసత్వాన్ని బట్టి అలా వివక్ష చూపరాదని 1993లో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. మరుసటి ఏడాది అమెరికా ప్రత్యేక చట్టం చేసింది: లాభాపేక్ష ఉంటేనే అది క్రిమినల్ నేరం, కాని సివిల్ దావా వేయడానికి లాభాపేక్ష రుజువు చేయనక్కర్లేదు. కాబట్టి ‘డబ్బు తీసుకోలేదు’ అన్న మాట జైలు నుంచి కాపాడవచ్చు గాని దావా నుంచి కాపాడదు.

మన కాపీరైటు చట్టంలో ప్రదర్శకుల హక్కు 1994 సవరణతో 38వ సెక్షన్‌గా చేరింది; ఇప్పుడు దాని కాలపరిమితి యాభై ఏళ్లు. 39వ సెక్షన్ ఒక మినహాయింపు ఇస్తుంది: రికార్డు చేసిన వ్యక్తి తన సొంత వినియోగానికి, లేదా నిజమైన బోధనకు, పరిశోధనకు చేసుకుంటే హక్కు భంగమైనట్టు కాదు. ‘రికార్డు చేసిన వ్యక్తి’ అన్న మాటను గమనించండి. మినహాయింపు ఆయనకే, ఆయన స్నేహితుడికి, స్నేహితుడి అన్నకొడుక్కి కాదు.

వరండా రేడియో:

మధ్యలో వచ్చినందుకు మన్నించండి. వీటి విలువ గురించి ఇంత వాదన చూసి, అసలు ఇవి ఎలా ఉంటాయో తెలియని పాఠకులు మోసపోకూడదని రాస్తున్నాను. నేను విన్నవాటిలో చాలా భాగం నూతిలోంచి వినవచ్చినట్టు ఉన్నాయి. ఒకదాంట్లో మైకు పక్కన కూర్చున్న మహానుభావుడు మొత్తం గిటారు సోలో జరుగుతున్నంతసేపూ పార్కింగ్ ఎక్కడ చేశామో స్నేహితుడితో చర్చించాడు. పేర్లు కూడా నమ్మలేం: డిలన్ 1966 మే 17న మాంచెస్టర్‌లో చేసిన కచేరీ, శ్రోత ఒకడు ‘జూడాస్!’ (ద్రోహీ!) అని అరిచిన ఆ ప్రసిద్ధమైన కచేరీ, దశాబ్దాల పాటు లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలుది అన్న పేరుతోనే చలామణీ అయింది. 1998లో కంపెనీ అధికారికంగా విడుదల చేసినప్పుడు కూడా ఆ తప్పు పేరును కొటేషన్ గుర్తుల మధ్య అట్ట మీద ఉంచవలసి వచ్చింది, ఎందుకంటే జనానికి తెలిసిన పేరు అదే.

నకామిచి:

పార్కింగ్ మహానుభావుడిని నేనూ ఎరుగుదును. ప్రతి ఊరి టేపులోనూ ఉంటాడు.

ఆరుతీగలు గారు చక్రాల కుర్చీ గురించి అన్నదానికి నా దగ్గర సమాధానం లేదు. నేను ఇన్నాళ్లూ ఆ కథను నవ్వుతూనే చెబుతూ వచ్చాను. ఇకమీదట అంత తేలికగా చెప్పలేను. వెల కట్టి అమ్మేవారిని నేనెప్పుడూ సమర్థించలేదు. మా మార్పిడి వర్గాల్లో పాత నియమం ఒకటుండేది: కొత్తవాడు ఖాళీ క్యాసెట్లు, తిరుగు తపాలా బిళ్లలు పంపితే చాలు, అంతకు మించి ఎవరైనా అడిగితే అతన్ని వెలివేసేవాళ్లం. మిలార్డ్ కూడా తాను ఇచ్చిన నకళ్లకు రహస్య గుర్తులు పెట్టేవారని, అచ్చులోకి వెళితే ఎవరి చేతి నుంచి వెళ్లిందో తెలియడానికని చెబుతారు.

అయితే అనుమతి అనేది అందరి విషయంలో ఒకే తీరుగా ఉండదు. గ్రేట్‌ఫుల్ డెడ్ 1984 అక్టోబరు నుంచి రికార్డు చేసుకునేవారికి మిక్సింగ్ బోర్డు వెనక ప్రత్యేక స్థలమే కేటాయించింది. అదే బృందం పేరుతో 2005లో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న రికార్డింగులను డౌన్‌లోడ్ చేసుకునే వీలు తీసేస్తే అభిమానులు గోల పెట్టారు. చివరికి శ్రోతలు పట్టినవి డౌన్‌లోడ్‌కు, మిక్సింగ్ బోర్డువి అక్కడే వినడానికి మాత్రమే అన్న రాజీ కుదిరింది. ‘శ్రోత విన్నది శ్రోతది, మా తీగలోంచి వచ్చినది మాది’ అన్న ఆ విభజన నాకు సబబుగానే ఉంది. అన్ని బృందాలూ ఆ మాట చెప్పలేదన్నదీ నిజమే.

పాతటేపు:

అందరికీ కృతజ్ఞతలు. ఈ మూడు రోజుల్లో డిస్కంతా తిరగేసి కొంత పని చేశాను. తరువాత అధికారికంగా వెలువడిన కచేరీలను వేరే ఫోల్డరులో పెట్టాను. ఇరవై ఆరు తేలాయి. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయం బార్టన్ హాలులో గ్రేట్‌ఫుల్ డెడ్ చేసిన కచేరీ వాటిలో ఒకటి. 2017లో విడుదలైందని చూసి కొన్నాను, పాత నకలు తుడిచేశాను. కొన్నది నిస్సందేహంగా మెరుగ్గా ఉంది. కాపీ కావాలని నాకు విడిగా రాసిన ఇద్దరు సభ్యులకు ఇవ్వలేనని చెప్పాను, వారు నొచ్చుకున్నట్టున్నారు.

ఆరుతీగలు గారి మాట మనసులో ఉంచుకుని నిన్న బాబాయికి ఫోను చేసి, వీటిలో మీరు స్వయంగా రికార్డు చేసినవి ఏమైనా ఉన్నాయా అని అడిగాను. ఒకటుందట: గ్రేట్‌ఫుల్ డెడ్‌దే, ఆ కేటాయించిన స్థలంలో నిలబడి. తనకు మైకు కొనే స్తోమత అప్పట్లో లేక, పక్కనున్న అపరిచితుడి యంత్రానికి తన తీగ తగిలించుకోనిమ్మని అడిగితే, ఆయన మాట్లాడకుండా చోటు జరిగి ఇచ్చాడట. ఆ ఒక్కదాన్ని నిన్న రాత్రి మొదటి నుంచి చివరిదాకా విన్నాను. మిగిలిన మూడు వందల సంగతి ఇంకా తేల్చుకోలేదు.