‘కోట్ ఆఫ్ ఆర్మ్స్’కు తెలుగుమాట: లాంఛనం

యూరప్‌లో డాలు మీద చిత్రించుకునే వ్యక్తిగత చిహ్నాన్ని, ఇంగ్లీషులో కోట్ ఆఫ్ ఆర్మ్స్ అనేదాన్ని, తెలుగులో ఏమనాలన్న ప్రశ్నకు ‘రాజముద్ర’ అనీ ‘చిహ్నం’ అనీ సమాధానాలు వచ్చాయి. నాకు ఆ రెండూ చాలవనిపిస్తున్నది. చిహ్నం దేనికైనా చెల్లే మాట, ముద్ర ఒత్తితే పడేది. ఫలానావాడు ఇతడే అని చూడగానే తెలిపే గుర్తుకు మనకు ‘లాంఛనం’ అనే మాట ఎప్పటినుంచో ఉంది.

చంద్రుడు శశలాంఛనుడైనది ఒంటిమీది కుందేలు మచ్చ వల్లనే. జైన శిల్పంలో తీర్థంకరులు ఇంచుమించు ఒకే పోలికతో కూర్చుని ఉంటారు కనుక, పీఠం మీద సింహం కనిపిస్తే మహావీరుడనీ, లేడి కనిపిస్తే శాంతినాథుడనీ గుర్తుపడతాం. ఆ గుర్తుకు అక్కడి పారిభాషిక పదమే లాంఛనం. వేంగీ చాళుక్యుల తామ్రశాసనాలను చూస్తే ముద్రకూ లాంఛనానికీ ఉన్న తేడా కళ్లకు కడుతుంది. రేకులన్నిటినీ గుచ్చిన కడియం కొసలు కలిసేచోట ఉండే గుండ్రని బిళ్ళ ముద్ర, దాని మీద చంద్రవంకతో, అంకుశంతో పాటు నిలిచిన వరాహం లాంఛనం. ఆ బిళ్ళ మీద ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న బిరుదును అక్షరాల్లో చెక్కి, పక్కనే అంకుశాన్ని బొమ్మగానూ చూపడం నాకెంతో ఇష్టమైన సంగతి. 1596లో షేక్‌స్పియర్ తండ్రికి మంజూరైన డాలు మీద బల్లెం ఉన్నదీ ఇటువంటి కారణానికే, ఆ ఇంటిపేరులో బల్లెమనే అర్థమిచ్చే ‘స్పియర్’ ఉంది. మాటను బొమ్మగా చెప్పే ఈ పద్ధతిని చిత్రశ్లేష అనవచ్చు.

వంశానిది కాక అచ్చంగా ఒక మనిషిదైన లాంఛనానికి నేను డెన్మార్క్ భౌతికశాస్త్రవేత్త నీల్స్ బోర్‌ను చూపిస్తాను. 1947లో డెన్మార్క్ ఆయనకు ఏనుగు పేరిట ఉన్న తన అత్యున్నత బిరుదునిచ్చినప్పుడు, ఆచారం ప్రకారం ఒక డాలు కావలసివచ్చింది. ఆయన సింహాలనూ గద్దలనూ కోరక, రెండు సగాలు ఒకదానిలో ఒకటి ఒదిగిన చీనావారి యిన్-యాంగ్ వలయాన్ని ఎంచుకున్నారు. కాంతి ఒక ప్రయోగంలో అలగానూ మరొక ప్రయోగంలో కణంగానూ కనబడుతుందనీ, పూర్తి వర్ణనకు ఆ రెండూ అవసరమేననీ 1927 నుంచి ఆయన చెబుతూ వచ్చినదంతా ఆ వలయంలో ఉంది. దానికి తోడుగా వేసుకున్న లాటిన్ వాక్యాన్ని ‘విరుద్ధాలు పరస్పర పూరకాలు’ అని తెలుగు చేస్తాను. ‘వ్యతిరేకాలు’ అంటే ఒకదాన్నొకటి కాదన్నట్టు వినిపిస్తుంది, ఆయన ఉద్దేశం అది కాదు.

లాంఛనమంటే ఈనాడు పెళ్లి కానుకలనో మొక్కుబడి తంతనో అనుకుంటారన్న అభ్యంతరం న్యాయమైనదే. అయినా ఛత్రచామరాలను రాజలాంఛనాలన్న వాడుక చదువరులకు తెలియనిది కాదు, ‘అధికార లాంఛనాలతో’ అన్న మాట పత్రికల్లో ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. ‘బోర్ లాంఛనం’ అని రాస్తే, పక్కన ఆ డాలు బొమ్మ ఉన్నప్పుడు ఎవరూ పొరబడరు.