మెలితిరిగిన రేడియో తరంగం: వలయం మధ్యలో సిగ్నల్ ఎందుకు రావడం లేదు?

ప్రశ్న (గుంటూరు, ఇంజనీరింగ్ విద్యార్థిని):
గురువుగారూ, నమస్కారం. కక్ష్యీయ కోణీయ ద్రవ్యవేగం గల, అంటే మరమేకులా మెలితిరుగుతూ సాగే రేడియో తరంగాలపై ప్రాజెక్టు చేస్తున్నాను. 2.4 గిగాహెర్ట్జ్ వద్ద ఎనిమిది ప్యాచ్ (పలుచని రేకులాంటి) యాంటెన్నాలను మీటరు వ్యాసం గల వలయంగా అమర్చాను. వలయానికి సరిగ్గా ఎదురుగా, నడిమధ్యన పెట్టిన రిసీవరుకు సిగ్నల్ దాదాపు అందడం లేదు. తప్పెక్కడ? ఇది కుదిరితే ప్రకాశం బ్యారేజీ ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే ఫ్రీక్వెన్సీలో అనేక ఛానళ్లు పంపవచ్చునా?

జవాబు (విజయవాడ):
అమ్మా, అది తప్పు కాదు, శుభసూచన. వలయం చుట్టూ ఒక్క చుట్టులో ఫేజు (తరంగం తన ఊపులో ఏ దశలో ఉందో చెప్పే కోణం) 360 డిగ్రీలు తిరుగుతుంది కనుక, ఎదురెదురు యాంటెన్నాల తరంగాలు మధ్యగీత మీద ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. నిర్ధారణకు మధ్యగీతకు అటూ ఇటూ సమదూరంలో రెండు యాంటెన్నాలు పెట్టి చూడండి; సిగ్నళ్లను కలిపితే తగ్గాలి, తీసివేస్తే పెరగాలి. పక్కపక్క యాంటెన్నాల మధ్య 45 డిగ్రీల ఫేజు తేడాను కేబుళ్ల పొడవే ఇస్తుంది కనుక వాటిని కూడా కొలవండి. వేగ గుణకం 0.66 గల (సిగ్నల్ కాంతి వేగంలో 0.66 వంతు వేగంతో సాగే) కేబుల్‌లో 45 డిగ్రీలంటే సుమారు 1.03 సెంటీమీటర్లే. నేను మొదటిసారి కట్టినప్పుడు ఐదో కేబుల్ ఒక సెంటీమీటరు పొట్టిగా తెగడంతో సిగ్నల్ రద్దయ్యే శూన్యబిందువు మధ్య నుంచి పక్కకు జరిగిపోయింది.

బ్యారేజీ విషయంలో మాత్రం ఆశ తగ్గించుకోవాలి. మీ వలయం నుంచి వెలువడే కిరణపుంజం మధ్యగీతకు దాదాపు 4 డిగ్రీల ఎడంగా బోలు శంకువులా విచ్చుకుంటుంది, 1.2 కిలోమీటర్లు దాటేసరికి దాని వ్యాసార్థం 90 మీటర్లకు చేరువవుతుంది, అంత పెద్ద రిసీవరును ఎక్కడ నిలబెడతాం? 2011లో వెనిస్‌లో 442 మీటర్ల దూరానికి ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు ఛానళ్లు పంపి చూపారు. అయితే ఇది అనేక యాంటెన్నాలతో ఒకేసారి పలు సిగ్నళ్లు పంపి అందుకునే మైమో పద్ధతిలో ఒక ప్రత్యేక సందర్భమేనని 2012లో ఎడ్ఫోర్స్, యొహాన్సన్ అనే పరిశోధకులు నిరూపించారు. నాకూ ఆ వాదనే సబబుగా తోస్తుంది. దగ్గరి దూరాలకు, పొట్టి తరంగదైర్ఘ్యాలకు ఇది నిజంగా పనికొస్తుంది: 2014లో 28 గిగాహెర్ట్జ్ వద్ద రెండున్నర మీటర్ల దూరానికి సెకనుకు 32 గిగాబిట్లు పంపగలిగారు.

ప్రశ్న:
ధన్యవాదాలు గురువుగారూ. ఎనిమిది యాంటెన్నాలతో ఎన్ని రకాల మెలికలను (ఒక్క చుట్టులో ఫేజు 360 డిగ్రీల చొప్పున ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ సంఖ్యలను) వేరు చేయవచ్చు?

జవాబు:
మైనస్ మూడు నుంచి ప్లస్ మూడు వరకు నిస్సంకోచంగా వాడవచ్చు; ప్లస్, మైనస్ గుర్తులు మెలిక తిరిగే రెండు దిశలు. నాలుగుకు వచ్చేసరికి పక్కపక్క యాంటెన్నాల మధ్య తేడా 180 డిగ్రీలు కావడంతో కుడి మెలిక, ఎడమ మెలిక ఒకటే అయిపోతాయి. ముందుగా ప్లస్ ఒకటి, మైనస్ ఒకటితో మొదలుపెట్టి, రెండింటినీ ఏకకాలంలో నడిపేందుకు బట్లర్ మ్యాట్రిక్స్ (ఒక్కో ఇన్‌పుట్‌కు ఒక్కో రకం ఫేజు తేడాలతో సిగ్నల్‌ను అన్ని యాంటెన్నాలకు పంచే సర్క్యూట్) కట్టండి.