వీఎస్ కోడ్ సోర్స్ బిల్డ్: పాత ఉబుంటులో డెబ్ ప్యాకేజీ ఎక్కడం లేదు, పరిష్కారం చెప్పండి

వీఎస్ కోడ్ సోర్స్‌ను ఉబుంటు 24.04లో బిల్డ్ చేస్తున్నాను. నోడ్ (జావాస్క్రిప్ట్ రన్‌టైమ్) వెర్షన్, ప్రాజెక్టులోని ఎన్‌వీఎంఆర్‌సీ ఫైల్‌లో ఉన్నదే. గల్ప్ అనే బిల్డ్ టూల్‌లో మినిఫై, ప్రిపేర్-డెబ్ సాఫీగా అయ్యాయి. బిల్డ్-డెబ్ మాత్రం డిపెండెన్సీల జాబితా మారిందంటూ ఆగింది. ఆ జాబితా ఫైల్‌ను సవరిస్తే ప్యాకేజీ తయారైంది.

అసలు చిక్కు ఉబుంటు 20.04 మెషీన్లలో. అక్కడ గ్లిబ్‌సీ (సిస్టమ్ సీ లైబ్రరీ) 2.31 ఉంది, డెబ్ ఏమో 2.34 అడుగుతోంది. బిల్డ్ ఫోల్డర్‌నే కాపీ చేసి నడిపితే విండో వస్తుంది గానీ, లోపలి టెర్మినల్ తెరుచుకోదు. బైనరీలను పరిశీలించే ఆబ్జ్‌డంప్‌తో చూస్తే, టెర్మినల్‌ను నడిపే నోడ్-పీటీవై మాడ్యూల్ 'గ్లిబ్‌సీ_2.34' సింబల్స్ కోరుతోంది. వీఎస్ కోడ్‌కు ఆధారమైన ఎలక్ట్రాన్ రెడీమేడ్ బైనరీ కాబట్టి దానికి ఇబ్బంది లేదు. 24.04లో కంపైల్ అయిన నేటివ్ (సీ++) మాడ్యూల్స్‌తోనే తంటా. ఆ జాబితా తనిఖీ ముందే హెచ్చరించింది ఇదేనని నా అంచనా.

20.04 కంటైనర్‌లో బిల్డ్ చేద్దామంటే డిఫాల్ట్ కంపైలర్ జీసీసీ 9. కొత్త నోడ్ హెడర్లకు సీ++20 కావాలి. జీసీసీ 10 పెట్టుకుంటే సరిపోతుందా? సీ++ లైబ్రరీ లిబ్‌ఎస్‌టీడీసీ++ను స్టాటిక్‌గా లింక్ చేయాలా? లేక 24.04లోనే పాత గ్లిబ్‌సీ ఉన్న సిస్‌రూట్ (కంపైలర్ వాడే హెడర్లు, లైబ్రరీల ఫోల్డర్) ఇచ్చి, నేటివ్ మాడ్యూల్స్ మాత్రం మళ్లీ కంపైల్ చేయడం మేలా? ఎవరైనా చేసి ఉంటే, కంపైలర్‌ను సూచించే సీసీ, సీఎక్స్ఎక్స్ వేరియబుల్స్‌లో ఏం ఇచ్చారో చెప్పండి.