డీ అండ్ డీలో పాలడిన్ (బరువు కవచం వేసుకునే యోధుడు) ఉన్న జట్టుతో స్టెల్త్ (కంటబడకుండా దాటిపోవడం) ఎలా నడిపిస్తున్నారు?

నల్లగొండ_రోగ్:
నల్లగొండలో డీఎం (ఆట నడిపించేవాడు)తో కలిపి ఐదుగురం ఆడతాం. డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, డైస్ వేస్తూ పాత్రల్లా ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్, అందరం నాలుగో లెవెల్. నేను రోగ్ (చాటుమాటు పనులవాడు), మిగతావాళ్లు పాలడిన్, డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాలవాడు), విజార్డ్ (మంత్రగాడు). మా డీఎం దేవరకొండ కోట చూసొచ్చి అచ్చం అట్లాంటిదే మ్యాప్ గీశాడు, గుట్టల మీద గోడలు, ఒక దర్వాజ దాటితే ఇంకో దర్వాజ. లోపలున్న ఖైదీని బయటికి తేవాలి. నాకు స్టెల్త్ 20 దాటి పడుతుంది, చెయిన్ మెయిల్ (ఇనుప కవచం) వేసుకున్న పాలడిన్ అన్నకు 4 పడుతుంది, ఇంక కావలివాళ్లందరూ మీదికే. ప్రతి దర్వాజ దగ్గరా ఇదే తంతు. ఆయన్ని బయటే వదిలేసి పోదామంటే మొహం మాడ్చుకుంటాడు. ఏం చేయాలి?

పాలమూరు_డీఎం:
ముందు లెక్క చూడు తమ్ముడూ. మామూలు గార్డు పాసివ్ పర్సెప్షన్ (డైస్ వేయకుండానే ఎంత గమనిస్తాడో చెప్పే అంకె) 12. మీ పాలడిన్‌కి డెక్స్ (చురుకుదనం) బోనస్ ఏం లేదనుకుందాం, చెయిన్ మెయిల్ వల్ల డిసడ్వాంటేజ్, అంటే ఇరవై ముఖాల డైస్ రెండు వేసి తక్కువది తీసుకోవాలి. 12 గానీ పైన గానీ పడే ఛాన్స్ దాదాపు 20 శాతం. ఆయన తప్పేం లేదు, రూలే అంత.

డ్రూయిడ్ ఉన్నాడుగా, పాస్ వితౌట్ ట్రేస్ అనే స్పెల్ (మంత్రం) వేయమను. 30 అడుగుల లోపున్న మనవాళ్లందరికీ స్టెల్త్‌కి +10, గంటసేపు ఉంటుంది. అదే పాలడిన్‌కి ఛాన్స్ 90 శాతానికి పోతుంది. ఒక్క స్పెల్‌తో ఇంత తేడా వచ్చేది ఆటలో ఇంకోటి చూపించండి చూద్దాం.

ఇంకోటి మీ డీఎంకి చెప్పు, దర్వాజ దర్వాజకీ కొత్త రోల్ అడగొద్దని. 70 శాతం ఛాన్స్ ఉన్నోడు కూడా నాలుగుసార్లు వరుసగా గట్టెక్కడం 24 శాతమే. నా టేబుల్ మీద ఒక్కసారి గ్రూప్ చెక్ పెడతా, సగం మంది గెలిస్తే అందరూ దాటినట్టే, పరిస్థితి మారేదాకా మళ్లీ రోల్ ఉండదు.

గద్వాల_గాబ్లిన్:
గ్రూప్ చెక్ దారిలో నడిచేటప్పుడు ఓకే, మీద పడేటప్పుడు మాత్రం కాదన్నా. 2014లో శత్రువు తేరుకోకముందే మీదపడే సర్‌ప్రైజ్‌కి ఒక్కొక్కరి స్టెల్త్‌నీ ఎదుటివాడి పాసివ్‌తో విడిగా పోల్చాలి, గార్డు కంట్లో మీలో ఒక్కడు పడ్డా వాడికి సర్‌ప్రైజ్ లేనట్టే. 2024 రూల్స్‌లో సర్‌ప్రైజ్ అంటే ఎవరు ముందు ఆడాలో తేల్చే ఇనీషియేటివ్‌కి డిసడ్వాంటేజ్ మాత్రమే, టర్న్ పోదు. అందుకని ఆ పుస్తకానికి మారితే మెరుపుదాడికి అంత విలువ ఉండదు, ముందే చెప్తున్నా.

వెలుతురు సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? కాగడా 20 అడుగుల దాకా బాగా వెలుగిస్తుంది, ఆ తర్వాత ఇంకో 20 అడుగులు మసక. మసకలో చూపు మీద ఆధారపడే పర్సెప్షన్‌కి డిసడ్వాంటేజ్, పాసివ్‌కైతే 5 తగ్గుతుంది, 12 కాస్తా 7. పట్టపగలు గోడెక్కుతూ స్టెల్త్ పని చేయట్లేదంటే ఎట్లా!

చీకటి_బాణం:
నన్నడిగితే పాలడిన్‌ని దాచొద్దు. ముందు దర్వాజ దగ్గరికి పంపి గొడవ చేయమనండి, విజార్డ్‌ని వెనకాల తోడుంచండి. కావలివాళ్లు అటు మళ్లగానే నువ్వూ డ్రూయిడూ వెనక గోడ ఎక్కండి. ఆయనకీ కావాల్సింది అదే, కొట్లాట.

లోపల కొట్లాట మొదలైతే రోగ్ అదనపు దెబ్బ స్నీక్ అటాక్‌కి దాక్కునే ఉండాలని లేదు, శత్రువుకి 5 అడుగుల లోపు మనవాడొకడు స్పృహలో నిలబడి ఉండి, నీకు డిసడ్వాంటేజ్ లేకపోతే చాలు. ఫినెస్ (చురుకుదనంతో వాడే) కత్తో విల్లో ఉండాలి, అంతే. బాణం వేశాక తగిలినా తగలకపోయినా నువ్వెక్కడున్నావో తెలిసిపోతుంది, రోగ్‌కి కన్నింగ్ యాక్షన్ ఉంది కాబట్టి టర్న్‌లో అదనంగా దొరికే బోనస్ యాక్షన్‌తో మళ్లీ దాక్కో. కాకపోతే ఒట్టి మైదానంలో నిలబడి దాక్కుంటానంటే ఏ డీఎమ్మూ ఒప్పుకోడు, స్తంభమో గోడో చూసుకుని నిలబడు.

నల్లగొండ_రోగ్:
ముందు దర్వాజ ఐడియా చెప్పగానే పాలడిన్ అన్న ఒప్పేసుకున్నాడు, ఏం డైలాగ్ కొట్టాలో కూడా రాసుకుంటున్నాడు. లొల్లంతా ఇప్పుడు డ్రూయిడ్‌తో. మూన్‌బీమ్ అనే దాడి మంత్రం వదలనంటున్నాడు, పాస్ వితౌట్ ట్రేస్‌కీ దానికీ రెండింటికీ కాన్సంట్రేషన్ (మంత్రం మీదే ధ్యాస నిలపడం) కావాలట.

పాలమూరు_డీఎం:
అవును, ఒకసారికి ఒక్కటే నడుస్తుంది. గోడ దాటి లోపలికి పోయేదాకా పాస్ వితౌట్ ట్రేస్ ఉంచమను, కత్తులు బయటికొచ్చాక దాన్ని వదిలేసి మూన్‌బీమ్ వేసుకోమను. నాలుగో లెవెల్‌కి రెండో లెవెల్ స్లాట్లు (ఈ స్పెల్స్ ఎన్నిసార్లు వేయొచ్చో ఆ లెక్క) మూడు ఉంటాయి, పొద్దున్నే ఖర్చు పెట్టేయకుండా చూసుకో.