ఫ్లైఓవర్ కింద పడుకునేవాళ్లను ఖాళీ చేయించమని సంతకం పెట్టాలా?

నల్లకుంట_వాసి:
మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక అర్జీ తిరుగుతోంది. మెయిన్ రోడ్డు ఫ్లైఓవర్ కింద రాత్రిళ్లు పడుకునేవాళ్లను పోలీసులు, జీహెచ్ఎంసీ కలిసి ఖాళీ చేయించాలట. దొంగతనాలు, తాగుడు, దుర్వాసన అని కారణాలు రాశారు. నేను సంతకం పెట్టలేదు, పెట్టను కూడా.

అర్జీలో అక్కడున్న అందరినీ బిచ్చగాళ్లు అనేశారు. పొద్దున పాలకు వెళ్లేటప్పుడు చూస్తే, వాళ్లలో చాలామంది దుప్పట్లు చుట్టి పిల్లర్ పక్కన పెట్టి లేబర్ అడ్డాకు నడుస్తుంటారు. సెంట్రింగ్ పనివాళ్లు, మట్టి పనివాళ్లు, ఫంక్షన్ హాళ్లలో అర్ధరాత్రి దాకా గిన్నెలు కడిగేవాళ్లు. పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. అడ్డాలో రోజూ పని దొరకదు. దొరికిన రోజు కూలీలో తిండి ఖర్చు పోగా మిగిలింది ఊరికి పంపాలి. గది కావాలంటే ఓనరు రెండు నెలల అడ్వాన్స్ అడుగుతాడు. అది ఎక్కడినుంచి తేవాలి?

పద్మజ_డి:
నేను సంతకం పెట్టాను, ఎందుకో కూడా చెబుతాను. మా అమ్మాయి కోచింగ్ అయ్యాక రాత్రి తొమ్మిదింటికి ఆ దారినే వస్తుంది. పోయిన నెల ఒకడు తాగి వెంటపడ్డాడు. అప్పటినుంచి రోజూ నాకు టెన్షనే. ఫుట్‌పాత్ మీద నడిచే వీలు లేక బస్సుల మధ్య రోడ్డు మీద నడుస్తోంది. కూలీలంటే నాకు కోపం లేదు. కానీ ఆ ముప్పై మందిలో ఎవరు మంచివాళ్లో, ఎవరు కాదో చీకట్లో పదహారేళ్ల పిల్ల ఎలా తేల్చుకోవాలండీ?

లాయర్_హిమాయత్‌నగర్:
పద్మజ గారూ, మీ భయం న్యాయమైనదే. ఆ తాగినవాడి మీద కంప్లయింట్ ఇవ్వాల్సిందే. కానీ అర్జీ అడుగుతున్నది అందరినీ తీసేయమని. ఆ పని మన హైదరాబాద్‌లో ఒకసారి జరిగింది.

2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు పోలీస్ కమిషనర్ నగరంలో రెండు నెలల పాటు భిక్షాటన నిషేధించారు. పట్టుకున్నవాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లో పెట్టిన ఆశ్రమాలకు తరలించారు. బిచ్చగాళ్ల ఆచూకీ చెబితే 500 రూపాయలు ఇస్తామని జైళ్ల శాఖ ప్రకటించింది కూడా. ఇక అడుక్కోబోమని రాయించుకుని చాలామందిని వదిలేశారు. సదస్సు ముగిసింది, సిగ్నళ్ల దగ్గర మళ్లీ అదే పరిస్థితి. పంపేశాక ఎక్కడ ఉండాలన్నది ఎవరూ తేల్చలేదు కాబట్టి వచ్చేశారు.

సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది: పెద్ద నగరాల్లో ఇల్లు లేనివాళ్ల కోసం ప్రతి లక్ష జనాభాకు ఒక షెల్టర్, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలని. 2011 జనాభా లెక్కల్లో జీహెచ్ఎంసీ పరిధిలో ఉన్నవాళ్లు 67 లక్షల పైమాటే. ఆ లెక్కకు మన షెల్టర్లు దరిదాపుల్లో కూడా లేవు. కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద ఫిర్యాదు రాయాల్సింది దీని గురించి.

మెడికల్_షాప్_భాయ్:
ఒక మాట అంటే కోపం చేసుకోవద్దు. ఆదివారం వస్తే కార్లలో వచ్చి బిర్యానీ ప్యాకెట్లు పంచి, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. ప్లేట్లన్నీ నా షాపు ముందే. అన్నం ఊరికే దొరికితే అక్కడినుంచి ఎవరు కదులుతారు? మత్తు కోసం వైట్‌నర్ పీల్చే పిల్లలు కూడా ఉన్నారు, అది దాస్తే లాభం లేదు.

షెల్టర్_వాలంటీర్:
అన్నా, వైట్‌నర్ మాట నిజమే. దాచాల్సిన పనిలేదు. వాళ్లకు డాక్టర్ కావాలి, లాఠీతో అది మానరు. కానీ బిర్యానీ కోసం ఎవరూ రోడ్డు మీద పడుకోరు.

షెల్టర్‌కు ఎందుకు వెళ్లరని అందరూ నన్ను అడుగుతారు. మగవాళ్ల షెల్టర్‌లో పెళ్లాన్ని ఉండనివ్వరు, ఆడవాళ్ల షెల్టర్‌లో మొగుణ్ని రానివ్వరు. తాపీ, గడ్డపార, చిత్తుకాగితాల బస్తా పెట్టుకునే చోటుండదు. షెల్టర్ అడ్డాకు దూరమైతే పొద్దున మేస్త్రీ వచ్చే వేళకు చేరలేరు, ఆ రోజు కూలీ పోయినట్టే. అందుకే ఫ్లైఓవర్ కిందే ఉంటారు. పెద్దాసుపత్రుల బయట పడుకునేవాళ్లలో చాలామంది రోగుల బంధువులు. సొంతూళ్లో ఇల్లున్నవాళ్లే, ఇక్కడ లాడ్జికి డబ్బుల్లేనివాళ్లు.

పద్మజ మేడమ్, మీ అమ్మాయి భయపడే తాగుబోతుకే అక్కడి ఆడవాళ్లు ఇంకా ఎక్కువ భయపడతారు. లైటున్న స్తంభం కిందే పడుకుంటారు, ఒకరు నిద్రపోతే ఒకరు మేలుకుని ఉంటారు. ఖాళీ చేయించే రోజు మున్సిపాలిటీ లారీలో దుప్పట్లతో పాటు సంచులూ పోతాయి. ఆధార్ కార్డు ఆ సంచిలోనే ఉంటుంది. ఆ కార్డు పోతే పింఛనుకు, రేషన్‌కు మళ్లీ మొదటినుంచి తిరగాలి.

మతి స్థిమితం లేక తిరిగేవాళ్ల సంగతి వేరు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 100వ సెక్షన్ ప్రకారం పోలీసులు వాళ్లను రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ వైద్య కేంద్రానికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల మన నగరంలోనే ఉంది. స్టేషన్‌కు ఫోన్ చేస్తే ఈ సెక్షన్ పేరు చెప్పండి, పని త్వరగా కదులుతుంది.

పద్మజ_డి:
ఆడవాళ్లు మేలుకుని ఉంటారన్న సంగతి నాకు తెలియదు. బాధగా ఉంది. కానీ మీ షెల్టర్ కట్టేదాకా మా పిల్ల ఏ దారిన రావాలి? దీనికి ఎవరూ జవాబు చెప్పలేదు.

నల్లకుంట_వాసి:
మీరు అడిగింది సరైన ప్రశ్న. నేను ఇంకో అర్జీ రాస్తున్నాను. ఫ్లైఓవర్ కింద చెడిపోయిన లైట్లు వెంటనే బాగుచేయాలి, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా పెట్రోలింగ్ ఉండాలి, ఫుట్‌పాత్‌లో నడిచే భాగం వదిలి పడుకునేలా వాళ్లతోనే మాట్లాడి గీత గీయాలి, మొబైల్ టాయిలెట్ పెట్టాలి. అడ్డాకు నడిచి వెళ్లేంత దగ్గర్లో, కుటుంబాలు కలిసి ఉండేలా, సామాన్లకు తాళం పెట్టెలున్న షెల్టర్ కావాలి. మన వార్డులో మూతపడిన కమ్యూనిటీ హాలు ఉంది కదా, దాన్నే అడుగుదాం. అప్పటిదాకా ఎవరి సంచీ లారీ ఎక్కకూడదు, అది మొదటి లైనులోనే ఉంటుంది.

మెడికల్_షాప్_భాయ్:
టాయిలెట్ పెడితే నా సంతకం మొదటిది. కడిగే మనిషిని కూడా పెట్టమని రాయండి, లేకపోతే నెలకే పాడవుతుంది.

పద్మజ_డి:
లైట్లు, పెట్రోలింగ్ ఉన్నాయి కాబట్టి దీనిమీదా పెడతాను. మొదటి అర్జీలో సంతకం మాత్రం ఇప్పుడే వెనక్కి తీసుకోను. లైట్లు వెలిగాక అడగండి.